డేటా సైన్స్‌కి ఎంటెక్ మంచిదా, ఎంఎస్ బై రీసెర్చ్ మంచిదా?

బెజవాడబ్బాయి:
అన్నలూ, అక్కలూ, బీటెక్ అయిపోయింది. గేట్‌లో డీఏ (డేటా సైన్స్, ఏఐ) పేపర్ రాశాను, స్కోరు పర్వాలేదు. ఒకచోట ఎంటెక్ సీటు వచ్చేలా ఉంది, ఇంకోచోట ఎంఎస్ బై రీసెర్చ్ ఇంటర్వ్యూకి పిలిచారు. ఎంటెక్ అయితే రెండేళ్లలో తెమిలిపోతుంది, ఎంఎస్ ఎప్పటికి పూర్తవుతుందో ఎవరు చెప్తారు అని నాన్న అడుగుతున్నారు. నాకు రీసెర్చ్ అంటే ఇష్టమే గానీ రోజూ ఏం చేస్తారో సరిగ్గా తెలీదు. ఇంటర్వ్యూ తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్‌లోనే_ఉంటా:
తమ్ముడూ, మీ నాన్నగారి భయంలో న్యాయం ఉంది. ఎంఎస్‌లో కోర్సులు తక్కువ, థీసిస్సే అసలు డిగ్రీ, అది గైడ్ సరే అనేదాకా కదలదు. అందుకే కాలేజీ పేరు కంటే ముందు గైడ్‌ని చూసుకో. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌నే తీసుకో, భాషల మీద పనిచేసేవాళ్లు ఎల్‌టీఆర్‌సీ అనే ల్యాబ్‌లో, ఇమేజీలూ వీడియోల మీద పనిచేసేవాళ్లు సీవీఐటీ అనే ల్యాబ్‌లో ఉంటారు. ఒకే క్యాంపస్ అయినా చేసే పని వేరు. నువ్వు వెళ్లే ల్యాబ్ సీనియర్లకి మెయిల్ పెట్టి, థీసిస్ ఇవ్వడానికి ఎంతకాలం పట్టింది, గైడ్ వారానికోసారైనా కూర్చుని మాట్లాడతారా అని మొహమాటం లేకుండా అడుగు. ఇంటర్వ్యూలో ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా పట్టుకుంటారు. మ్యాట్రిక్స్ ఐగెన్ వాల్యూ ఫార్ములా చెప్పి ఊరుకుంటే వదలరు, పీసీఏలో (ఎక్కువ కాలమ్స్ ఉన్న డేటాని తక్కువకి కుదించే పద్ధతి) అది ఏం చేస్తోందని తవ్వుతారు.

మిర్చి_డేటా:
రోజూ ఏం చేస్తారో నేను చెప్తాను. మిర్చి ఆకు ఫొటో చూసి తెగులు గుర్తుపట్టే మోడల్ అనుకో. గుంటూరు చుట్టుపక్కల పొలాల్లో ఒక్కో మొక్కకి నాలుగైదు కోణాల్లో ఫొటోలు తీస్తారు. వాటన్నిటినీ కలిపేసి ట్రెయిన్ (మోడల్‌కి నేర్పడానికి), టెస్ట్ (పరీక్షించడానికి) అని ర్యాండమ్‌గా విడగొడితే ఒకే మొక్క రెండు వైపులా పడుతుంది, అక్యురసీ అద్భుతంగా కనిపిస్తుంది, కొత్త పొలానికి తీసుకెళ్తే మాత్రం మోడల్ చతికిలబడుతుంది. పొలాల వారీగా విడగొడితే నంబర్ పడిపోతుంది, కానీ నమ్మాల్సింది ఆ నంబర్‌నే. ఎందుకు పడిపోయింది, నేల రంగు వల్లా, ఎండ వల్లా, ఫోన్ కెమెరా వల్లా అని ఒక్కోటీ మార్చి చూడటానికే నెలలు పడుతుంది. పాత పేపర్లలోని ఫలితాలు నీ మెషీన్ మీద మళ్లీ రప్పించడం ఇంకో పెద్ద పని. ఈ వెతుకులాట నీకు నచ్చితే ఎంఎస్‌కి వెళ్లు. నచ్చకపోతే ఎంత మంచి ల్యాబైనా నరకమే.

ఉద్యోగి_హైదరాబాద్:
డబ్బు సంగతి ఎవరూ మాట్లాడలేదు. గేట్ స్కోరుతో ఐఐటీలో ఎంటెక్ చేస్తే నెలకి 12,400 స్టైపెండ్. ఎంఎస్‌కి ఎంతిస్తారో, ఎన్నాళ్లిస్తారో చేరకముందే కనుక్కో. ఇంట్లో అప్పులుంటే, రెండేళ్లలో జీతం రావడం అవసరమైతే ఎంటెక్‌కే వెళ్లు, అందులో చిన్నతనం ఏమీ లేదు. డాష్‌బోర్డులు, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి డేటా తీసే భాష) ఉండే అనలిస్ట్ ఉద్యోగాలకి థీసిస్ అడగరు. రీసెర్చ్ ఇంజినీర్ పోస్టులకీ, పీహెచ్‌డీకీ మాత్రం ఎంఎస్ బాగా కలిసొస్తుంది.

బెజవాడబ్బాయి:
చాలా థ్యాంక్స్ అందరికీ. అప్పుల ఇబ్బంది లేదు. ఒకవేళ మధ్యలో గైడ్ వేరే చోటికి వెళ్లిపోతే?

ల్యాబ్‌లోనే_ఉంటా:
అలా జరుగుతుంటుంది. కో-గైడ్ ఉంటే పని ఆగదు, లేకపోతే టాపిక్కే మార్చాల్సి రావచ్చు. మొదటి ఏడాదిలోనే కో-గైడ్‌ని పెట్టుకోవడం కుదురుతుందా అని ఇంటర్వ్యూ అయ్యాక ఆ సర్‌నే నేరుగా అడుగు.