పెద్దవయసులో ఆటిజం పరీక్ష: తల్లిదండ్రుల సాక్ష్యం తప్పనిసరి కావాలా?

తులసికోట:
నాకు ముప్పై దాటాయి, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. ఆటిజం లక్షణాలు ఎంతవరకు ఉన్నాయో మనకు మనమే చూసుకునే ఏక్యూ అనే యాభై ప్రశ్నల పట్టికలో, అనుమానించదగ్గ హద్దుగా చెప్పే 32 కంటే నాకు ఎక్కువే వచ్చింది. ఒక క్లినికల్ సైకాలజిస్టును సంప్రదిస్తే, నా బాల్యం తెలిసిన పెద్దలెవరైనా వచ్చి మాట్లాడాలన్నారు. అమ్మకు ఈ సంగతి చెప్పడం నాకు ఇష్టం లేదు. చెప్పినా, "మా అమ్మాయి చిన్నప్పుడు ఎంతో బుద్ధిమంతురాలు" అనే అంటుంది. సంపాదించుకుని సొంతంగా బతుకుతున్న మనిషి విషయంలో ఈ నిబంధన సమంజసమేనా?

పెరటిచెట్టు:
నేను ఈ వృత్తిలోనే ఉన్నాను కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఆటిజం మధ్యలో వచ్చే జబ్బు కాదు. మానసిక సమస్యల నిర్ధారణకు అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే గ్రంథం ప్రకారం లక్షణాలు బాల్యం నుంచీ ఉండాలి. అయితే చుట్టూ ఉన్న సమాజం మన శక్తికి మించి అడగడం మొదలుపెట్టేవరకు అవి పూర్తిగా బయటపడకపోవచ్చని కూడా అందులోనే ఉంది. నలుగురిలో మాట్లాడాలంటే భయం, ఒకే ఆలోచనో పనో పదేపదే వెంటాడే ఓసీడీ, ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ, చిన్ననాటి గాయాలు, ఇవన్నీ పైకి ఆటిజంలాగే కనిపించగలవు. వీటిని విడదీయడానికి బాల్య చరిత్రకు మించిన ఆధారం మా దగ్గర లేదు. మీకు 32 దాటడం పరీక్షకు వెళ్లడానికి తగిన కారణమే, కానీ అదే నిర్ధారణ కాదు.

పరీక్షలో మొదట మీతోనే సుదీర్ఘమైన సంభాషణ ఉంటుంది: బడి, స్నేహాలు, ఉద్యోగంలో చిక్కులు, శబ్దాలూ వెలుతురూ భరించగలగడం, అలవాట్లు తప్పితే కలిగే కలవరం. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గమనించే ఏడాస్-2 అనే పరీక్ష వాడేవారైతే, అందులో మాటలు బాగా వచ్చిన పెద్దల కోసం ఉద్దేశించిన నాలుగో మాడ్యూల్ (భాగం) దాదాపు గంటసేపు సాగుతుంది. అక్కడ మీరిచ్చే జవాబుకంటే జవాబిచ్చే తీరును ఎక్కువగా గమనిస్తారు. ఏడీఐ-ఆర్ అనే మరో పరీక్ష మాత్రం పెంచినవారిని అడిగే 93 ప్రశ్నల ఇంటర్వ్యూ. "మీ అమ్మాయికి ఆటిజం ఉందా" అని అక్కడ ఎవరూ అడగరు. మాటలు ఎప్పుడు వచ్చాయి, నచ్చిన వస్తువును వేలితో చూపించేదా, తోటిపిల్లలతో ఏ ఆటలు ఆడేది అని అడుగుతారు. "బుద్ధిమంతురాలు" అన్న మాటను అక్కడితో వదిలేయకుండా, ఏం చేస్తే అలా అనిపించిందో రాబట్టడమే మా పని.

నిక్కచ్చి:
పెరటిచెట్టు గారు చెప్పిన శాస్త్రంతో నాకు పేచీ లేదు. అభ్యంతరమంతా "తప్పనిసరి" అన్నదాని మీదే. ముప్పై ఏళ్ల నాటి సంగతులను అమ్మ అన్నదమ్ముల పిల్లలతో పోల్చుకుంటూ గుర్తుచేసుకుంటుంది. మన ఇళ్లలో ఆడపిల్ల ఒక మూల కూర్చుని ఎవరితోనూ మాట్లాడకపోతే దాన్ని అణకువ అని మెచ్చుకున్నారే తప్ప, డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లలేదు. పైగా ఆ పిల్ల తోటివారిని చూసి నవ్వడం, మాట కలపడం అనుకరించి నేర్చుకుని ఉంటే, తల్లికి తేడా కనిపించే అవకాశమే లేదు. తల్లిదండ్రులు గతించినవారి సంగతేమిటి? వారితో సఖ్యత లేనివారి సంగతేమిటి? మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 గోప్యతను హక్కుగా ఇచ్చినప్పుడు, ఇంట్లో తెలియపరిస్తేనే పరీక్ష అనడం ఆ హక్కును వాకిట్లోనే వదిలేసి రమ్మనడమే.

పాతపలక:
తల్లే రావాలని ఎవరన్నారు? పెద్దల విషయంలో బ్రిటన్‌లో వైద్యానికి ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, వీలైనంతవరకు కుటుంబసభ్యులో, జీవిత భాగస్వామో, మరొకరో సమాచారం ఇవ్వాలని, లేదంటే బడి రిపోర్టుల వంటి పత్రాలైనా చూడాలని ఉంది. అక్క, పిన్ని, పాత ప్రోగ్రెస్ కార్డులు, ఏవైనా పనికొస్తాయి.

పెరటిచెట్టు:
పాతపలక గారి మాట నిజం. నిక్కచ్చి గారి వాదనలోనూ నేను కొంతవరకు ఏకీభవిస్తాను: సాక్షి లేరన్న కారణంతో తలుపు మూయడం తప్పు. అయితే బాల్య సమాచారం బొత్తిగా లేకుండా ఇచ్చిన నిర్ధారణకు బలం తక్కువగా ఉంటుందని రిపోర్టులో రాయవలసిందే. మీరు దాన్ని అన్యాయం అనవచ్చు, నేను నిజాయితీ అంటాను.

నిక్కచ్చి:
అలా రాయడానికి అభ్యంతరం లేదు. కానీ తల్లి "ఏమీ లేదు" అన్న ఒక్క మాటతో ఆటిజం లేదని తేల్చిన రిపోర్టులో కూడా అదే వాక్యం కనిపించాలి. నేను చూసినవాటిలో కనిపించలేదు.

గుమ్మడిపాదు:
ప్రభుత్వ వైకల్య సర్టిఫికెట్ కోసమైతే దారి వేరు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లో ఆటిజం ఉంది, కానీ రిజర్వేషన్ వంటివి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవారికే. అక్కడ వాడేది సికింద్రాబాదులోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థలో రూపొందిన, ఆటిజం తీవ్రతను లెక్కకట్టే ఇసా కొలమానం. దానిలోని 40 అంశాలకు కలిపి మొత్తం స్కోరు 70కి తగ్గితే ఆటిజం లేదనే లెక్క. ఉద్యోగం చేసుకుంటున్నవారికి ప్రైవేటు రిపోర్టులో ఆటిజం ఉందని వచ్చినా, మెడికల్ బోర్డు ముందు ఆ అంకె రాకపోవచ్చు. ఏది కావాలో తేల్చుకున్నాకే ఫీజు కట్టండి.

తులసికోట:
నాకు సర్టిఫికెట్ అవసరం లేదు, సంగతేమిటో తెలిస్తే చాలు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దదైన అక్క అమెరికాలో ఉంది. నన్ను ఎత్తుకుని తిప్పింది తనే. వీడియో కాల్‌లో మాట్లాడితే ఒప్పుకుంటారా?

పెరటిచెట్టు:
నేనైతే ఒప్పుకుంటాను. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఈ ప్రశ్న అడగండి. అక్క చెప్పినదాన్ని మీ అనుమతి లేకుండా ఇంట్లో ఇంకెవరికీ చెప్పబోమని క్లినిక్ నుంచి రాతపూర్వకంగా హామీ కూడా తీసుకోండి.