శరావతి లోయ: కరెంటు కోసం సింహపు తోక కోతుల అడవిని తాకవచ్చా?

బందరు కాలువ గట్టు (విజయవాడ)

కర్ణాటకలో శరావతి నది మీద 2,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు కడతామని అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ పట్టుబడుతోంది. కనుమ పైన తలకళలె, కనుమ కింద గేరుసొప్ప అని రెండు జలాశయాలు ఎప్పటినుంచో ఉన్నాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళు పైకి తోడతారు, అవసరమైనప్పుడు అవే నీళ్ళు కిందికి వదిలి కరెంటు తీస్తారు. చిక్కంతా ఆ రెండింటి నడుమ ఉన్న అడవితోనే. అది సింహపు తోక కోతుల అభయారణ్యం. 2019లో ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 930 చదరపు కిలోమీటర్లు. పడమటి కనుమల్లో తప్ప ఈ కోతి భూమ్మీద ఇంకెక్కడా అడవిలో బతకడం లేదు.

నా మాట ముందే చెప్పేస్తున్నాను. ప్రాజెక్టు కట్టుకోండి, కానీ ఆ అడవిలో మాత్రం వద్దు. ఎక్కడో కర్ణాటక గొడవ మనకెందుకని అనుకోకండి. ఎగువ సీలేరులో మన జెన్‌కో (రాష్ట్ర విద్యుత్ ఉత్పత్తి సంస్థ) తలపెట్టిన 1,350 మెగావాట్ల ప్రాజెక్టు కూడా ఈ రకందే. అక్కడ ఒప్పుకున్నదాన్ని రేపు ఇక్కడ కాదనడం కష్టం. మీరేమంటారు?

లోడు డిస్పాచ్ (భవానీపురం)

ఇంజనీరుగా నా ఉద్యోగమంతా సబ్‌స్టేషన్లలోనే గడిచింది. అడవి అంటే నాకు గిట్టదనుకోకండి, గ్రిడ్ బాధ కూడా కాస్త వినండి. మధ్యాహ్నం పన్నెండుకు సోలార్ కరెంటు పొంగిపొర్లుతుంది, ఒక్కోసారి ప్లాంటు తగ్గించుకోమని చెప్పాల్సిన పరిస్థితి. సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి సోలార్ సున్నా. సరిగ్గా అప్పుడే ప్రతి ఇంట్లో లైటు, ఏసీ, మోటారు ఒక్కసారిగా ఆన్ అవుతాయి. ఆ నాలుగు గంటలు గట్టెక్కాలంటే ఇవాళ బొగ్గే దిక్కు.

శరావతిలో కొత్త ఆనకట్ట లేదు, కొత్త ముంపు లేదు. సొరంగాలు భూమి లోపల, పవర్‌హౌస్ కూడా భూమి లోపలే. ఉన్న రెండు చెరువులనే వాడుకుంటామంటున్నారు. వంద యూనిట్లు పెట్టి తోడితే డెబ్బై అయిదు, ఎనభై తిరిగొస్తాయి. ఒకసారి కడితే రెండు తరాలు పనిచేస్తుంది. ఇంతకన్నా తక్కువ నష్టంతో ఇంత నిల్వ ఎక్కడ దొరుకుతుందో వద్దనేవాళ్ళు చూపించాలి.

అరండల్‌పేట కుర్రోడు (గుంటూరు)

అన్నా, నాదొక చిన్న సందేహం. 930 చదరపు కిలోమీటర్లలో వాళ్ళు తీసుకునేది పిసరంతే కదా. కోతులు పక్క చెట్ల మీదికి పోతాయి. ఇంత గొడవెందుకు?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

పోలేవు నాయనా. అసలు సంగతి అక్కడే ఉంది.

మన కొండవీడు గుట్టల మీదో, గుళ్ళ దగ్గరో చూసే కోతి వేరు. అది రోడ్డు దాటుతుంది, గోడ దూకుతుంది, చేతిలో అరటిపండు లాక్కుంటుంది. సింహపు తోక కోతిది పూర్తిగా చెట్ల మీది బతుకు. నల్లటి ఒళ్ళు, ముఖం చుట్టూ బూడిదరంగు జూలు, తోక చివర కుచ్చు. ఇరవై, ముప్పై మీటర్ల ఎత్తున ఈ చెట్టు కొమ్మ ఆ చెట్టు కొమ్మను తాకుతుంటేనే దానికి దారి. తిండీ నిద్రా పిల్లల్ని సాకడం అన్నీ ఆ పైనే. అడవిలో ఒక వెడల్పాటి రోడ్డు వేసి, హైటెన్షన్ తీగల కింద పొడవునా చెట్లు కొట్టేస్తే, కాగితం మీద పోయిన భూమి కొన్ని హెక్టార్లే. గుంపు మాత్రం రెండు ముక్కలు. అటు వాళ్ళు అటే, ఇటు వాళ్ళు ఇటే. తల్లి రెండు మూడేళ్ళకో పిల్లను కంటుంది, అదీ ఒక్కటే. ముక్కలైన గుంపు మళ్ళీ కోలుకోవడం మనం అనుకున్నంత తేలిక కాదు.

ఊహించి చెప్పడం లేదు. తమిళనాడులో వాల్పరై కొండల మీద టీ తోటల కోసం అడవి నరికినప్పుడు మిగిలిన తునకల్లో ఈ కోతులు చిక్కుకుపోయాయి. చివరికి అవి నేలకు దిగి రోడ్డు దాటడం, ఇళ్ళ కప్పుల మీదికి, వంటిళ్ళలోకి రావడం నేర్చుకున్నాయి. బళ్ళ కింద పడి చచ్చాయి. అక్కడి శాస్త్రవేత్తలు రోడ్డుకు అడ్డంగా చెట్టు నుంచి చెట్టుకు వంతెనలు కట్టి కాపాడుకొస్తున్నారు.

ఇక ఆ నేల సంగతి. శరావతి లోయలోనూ దాని చుట్టుపక్కలా అడవి జాజికాయ చెట్ల చిత్తడులు ఉన్నాయి. కత్తలెకాన్ అని ఒక చోటు. ఏడాది పొడవునా తడి ఆరని నల్ల బురద. అందులో వేళ్ళకు గాలి ఆడదు, అందుకని చెట్టు తన వేళ్ళను బురద మీదికి లేపి, మోకాలు మడిచినట్టు వంచి, మళ్ళీ లోపలికి దించుతుంది. ఒక్కో చెట్టు చుట్టూ అలాంటి మడతలు లెక్కలేనన్ని. ఆ బురదలో నీటి ఊట తగ్గితే ఆ చెట్లు నిలవడం కష్టం. భూమి లోపలే కదా సొరంగం, పైన ఏమవుతుంది అన్నారు ఇంజనీరు గారు. కొండ లోపల తొలిచినప్పుడు ఊటలు ఎటు మళ్ళుతాయో పైనుంచి చూసి చెప్పలేం. నాకు భయం అక్కడే.

కేరళ సైలెంట్ వ్యాలీ కథ మీలో పెద్దవాళ్ళకు గుర్తుండాలి. పాలక్కాడ్ జిల్లాలో కుంతిపుళ నది మీద, సైరంధ్రి దగ్గర 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కడతామన్నారు. 1973లో ప్రణాళికా సంఘం సరేనంది. మునిగేది 8.3 చదరపు కిలోమీటర్లే, మొత్తం అడవిలో అది ఎంత అని అప్పుడూ ఇదే మాట. ఆ కొద్దిపాటి చోటు లోయ అడుగు, నది ఒడ్డు. అడవికి ప్రాణం అక్కడుంది. సైన్సును జనంలోకి తీసుకెళ్ళే సంఘం కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్, అందులో ఎక్కువమంది బడి పంతుళ్ళు, లెక్చరర్లు. వాళ్ళు కోతుల మీద జాలి చూపించి ఊరుకోలేదు, ఇంజనీరును, ఆర్థికవేత్తను పక్కన కూర్చోబెట్టుకుని కరెంటు లెక్కలు కట్టి 1979లో పుస్తకం వేశారు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ, వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ వంటివాళ్ళు వద్దన్నారు. ప్రభుత్వం వేసిన ఎం.జి.కె. మీనన్ కమిటీ 1983లో నివేదిక ఇచ్చాక ప్రాజెక్టును వదిలేశారు, 1984 నవంబరులో జాతీయ పార్కుగా ప్రకటించారు. ఆ 120 మెగావాట్లు లేక కేరళ చీకట్లో కూర్చోలేదు. ఆ అడవి ఇవాళ్టికీ ఉంది.

లోడు డిస్పాచ్ (భవానీపురం)

మాస్టారూ, సైలెంట్ వ్యాలీలో అడవి మునిగేది, ఇక్కడ మునగదు. రెండూ ఒకటి చేయకండి. పైగా 1979లో వాతావరణం వేడెక్కుతోందన్న దిగులు జనంలో ఇంతగా లేదు, ఇవాళ ఉంది. ఎండలు ఇలాగే ముదిరితే మీ వానల అడవి మాత్రం మిగులుతుందా? బొగ్గు తగ్గించడమూ అడవిని కాపాడటమే.

ఏటి ఒడ్డు

నేను ఇంజనీరు గారి వైపే. మాది బొగ్గు కరెంటు కేంద్రానికి ఆనుకుని ఉన్న ఊరు, పేరెందుకులెండి. ఎండాకాలం గాలి లేస్తే డాబా మీద ఆరేసిన బట్టలు దులిపి దులిపి లోపలికి తీసుకోవాలి. వడియాలు పెట్టడం మా అత్తగారి హయాంలోనే మానేశాం. మంచినీళ్ళ బిందె మీద మూత లేకపోతే తెల్లారేసరికి పైన బూడిద తెట్టు. మా పెద్దబాబుకు ఆయాసం, డాక్టరు ఊరు మారమన్నాడు. ఎక్కడికి మారతాం? ఇల్లు ఇక్కడ, పని ఇక్కడ. మీరంతా కోతి గురించి ఇంత చక్కగా మాట్లాడుతుంటే వినబుద్ధే అవుతుంది. మా గురించి కూడా ఎవరైనా ఇంత ఇదిగా మాట్లాడాలి కదండీ.

బందరు కాలువ గట్టు (విజయవాడ)

అమ్మా, మీ మాటకు ఎదురు చెప్పడం లేదు. మీ బాధ ఈ చర్చలో అందరి లెక్కలకన్నా ముందుండాలి. ఒక్క విషయం మాత్రం ఇంజనీరు గారిని అడుగుతున్నాను. పంప్డ్ స్టోరేజీ కరెంటు పుట్టించదు, దాస్తుంది, దాచినందుకు అయిదో వంతు ఖర్చు పెడుతుంది. తోడే కరెంటు నిజంగా మిగులు సోలార్ అయితే సరే. రాత్రిపూట బొగ్గు కరెంటుతో తోడితే ఆ అమ్మ ఊళ్ళో బూడిద తగ్గకపోగా పెరుగుతుంది. ఆ హామీ ఎవరిస్తున్నారు?

ఇంకొకటి. ఇంతకన్నా తక్కువ నష్టం ఎక్కడో చూపించమన్నారు. మన రాయలసీమలోనే ఉంది. కర్నూలు వైపు పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టు నదిని అడ్డుకోకుండా కట్టారు. ఎండు గుట్టల మీద రెండు చెరువులు, ఒకసారి నింపుకున్న నీళ్ళే పైకీ కిందికీ. అభయారణ్యం లేదు, వానల అడవి లేదు. కర్ణాటకలోనూ ఎండు నేలకు కరువు లేదు.

తుంగభద్ర నీళ్ళు (సొంతూరు నందికొట్కూరు, ఉండేది గుంటూరు)

గట్టు అన్నా, "ఎండు గుట్ట" అని అంత తేలిగ్గా తీసేయొద్దు. మా వైపు గడ్డి నేలలను అందరూ బీడు కింద జమకట్టారు కాబట్టే బట్టమేక పిట్ట గతి అలా అయింది. రోళ్ళపాడులో దానికోసం 1988లో అభయారణ్యం పెట్టారు. మా నాయన చిన్నప్పుడు జొన్నచేల పక్కన మీటరు ఎత్తు పిట్ట తాపీగా నడిచి వెళ్తుంటే పశువుల కాపర్లు ఆగి చూసేవాళ్ళంట. ఇప్పుడు ఆ పేరు చెప్తే మా ఊరి పిల్లలు ఏమిటది అంటారు. చుట్టూ గడ్డి పోయింది, పైన కరెంటు తీగలు వచ్చాయి. బరువైన పిట్ట, ఎదురుగా ఉన్న తీగ దానికి సరిగా కనపడదు, తగిలి చస్తుంది. పిన్నాపురం వద్దనడం లేదు నేను. పచ్చగా లేని నేల ఖాళీ నేల కాదని మాత్రం గుర్తుంచుకుని మాట్లాడండి.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

నూటికి నూరుపాళ్ళు నిజం. గడ్డి నేల కూడా అడవంత సంపదే. ఎక్కడ కట్టినా ముందు అక్కడ ఏముందో ఏడాది పొడవునా, అన్ని కాలాల్లో చూడాలి.

పొనికి చెక్క (కొండపల్లి)

నరికిన చెట్లకు బదులు వేరేచోట నాటిస్తామంటారు కదా, దాని గురించి రెండు ముక్కలు. మా బొమ్మలకు తెల్ల పొనికి కర్ర కావాలి. ఈ కొండల మీద దానంతట అది పెరిగిన చెట్టు అది. తేలిక చెక్క, ఉలి పెడితే వెన్నలా తెగుతుంది, పగలదు. కొండ తరిగిపోయిన కొద్దీ కర్ర కోసం మావాళ్ళు దూరం పోతున్నారు. ఒక్క రకం చెట్టునే మళ్ళీ తెచ్చుకోవడానికి ఇంత అవస్థ. బదులు అడవి అని నాటేది చాలాచోట్ల టేకో జామాయిలో. ఆ మాస్టారు చెప్పిన బురద చెట్ల అడవిని ఏ నర్సరీ తెచ్చిస్తుంది?

బీసెంట్ రోడ్డు ప్లీడరు (విజయవాడ)

చట్టం ఏమంటుందో ఎవరూ ఎత్తలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972, సెక్షన్ 29. అభయారణ్యంలో జంతువుల నివాసాన్ని పాడుచేయడం గానీ, లోపలికీ బయటికీ పోయే నీటి పారుదలను మళ్ళించడం, ఆపడం, పెంచడం గానీ అనుమతి లేకుండా కుదరదు. ఆ అనుమతి కూడా అక్కడి వన్యప్రాణుల మేలుకు, మెరుగైన నిర్వహణకు అవసరమని రాష్ట్ర ప్రభుత్వం, వన్యప్రాణి బోర్డుతో సంప్రదించి, నమ్మితేనే ఇవ్వాలి. 2,000 మెగావాట్ల కరెంటు కోతుల మేలు ఎలా అవుతుందో ఎవరైనా వాదించి చూపాలి. దేశానికి అవసరం కావచ్చు, అది వేరే ప్రశ్న. చట్టం ఆ ప్రశ్న అడగలేదు.

లోడు డిస్పాచ్ (భవానీపురం)

చట్టం అడ్డొస్తే ఆపనివ్వండి. రాత్రిళ్ళు బొగ్గుతో తోడకూడదన్న షరతు కూడా న్యాయమే, దానికి నేను ఒప్పుకుంటాను. నా ప్రశ్న మాత్రం ఇంకా అక్కడే ఉంది. సాయంత్రం ఆరున్నరకు కరెంటు ఏదీ?

మిర్చి యార్డు (గుంటూరు)

సార్, నేను యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో మేనేజరును. మీ ప్రశ్నకు కొంత జవాబు మా దగ్గరుంది. మిర్చి టిక్కీలు (బస్తాలు) ఒకసారి చల్లబడ్డాక గది వేడెక్కడం చాలా నిదానం. గోడలకు మందపాటి థర్మాకోలు, లోపల వేల టిక్కీల సరుకు, అదే చలిని పట్టి ఉంచుతుంది. తలుపులు తీయకుండా ఉంటే సాయంత్రం కంప్రెసర్లు మూడు నాలుగు గంటలు ఆపినా సరుకుకు ఏమీ కాదు. మధ్యాహ్నం ఎండ వేళ ఇంకో డిగ్రీ కిందికి లాగి పెట్టుకోవచ్చు. గుంటూరు చుట్టూ ఇలాంటివి ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటల కరెంటు ఇచ్చి బోర్ల లోడును సూర్యుడున్న వేళకు తెచ్చారు కదా, మాకూ మధ్యాహ్నం యూనిట్ ధర చెప్పుకోదగ్గంత తగ్గిస్తే చాలు, సాయంత్రం మేమే ఆపేస్తాం. దీనికి కొండ తొలవక్కర్లేదు, మీటరు మారిస్తే చాలు.

లోడు డిస్పాచ్ (భవానీపురం)

2,000 మెగావాట్లకు ఇది సరిపోదు బాబూ. కానీ కొట్టిపారేసే మాట కాదు. మీ కోల్డ్ స్టోరేజీకి మార్చి నుంచి మే వరకు గంటగంటకూ పడిన లోడు లెక్క ఉంటే ఇక్కడ పెట్టండి. కంప్రెసర్లు ఆపిన తర్వాత గది ఉష్ణోగ్రత ఎంతసేపటికి ఎంత పెరిగిందో కూడా కావాలి. యార్డు చుట్టుపక్కల ఇంకో నాలుగైదు చోట్ల నుంచి తెప్పించగలిగితే మరీ మంచిది. ఫీడరు (కరెంటు లైను) వారీగా కూర్చుని చూస్తాను.