యుద్ధకాలపు అదనపు లాభాలపై ప్రత్యేక పన్ను సబబేనా?

ప్రశ్న:
యుద్ధం వచ్చినప్పుడు ఆయుధాల తయారీ సంస్థల లాభాలు ఒక్కసారిగా పెరుగుతాయి. కొనేది ప్రభుత్వం, చెల్లించేది ప్రజాధనం. అలాంటప్పుడు మామూలు ఆదాయపు పన్నుకు తోడు మరో పన్ను విధించడం ఎక్కడైనా ఫలించిందా?

మొదటి జవాబు:
రాబడి పరంగా ఫలించింది. బ్రిటన్ 1915లో యుద్ధానికి ముందటి లాభాన్ని ప్రమాణంగా తీసుకొని, దానికి మించిన మొత్తంపై 50 శాతం పన్ను వేసింది. 1917 నాటికి అది 80 శాతానికి చేరింది. దాన్ని ఆయుధ సంస్థలకే పరిమితం చేయకపోవడం నాకు న్యాయంగానే తోస్తుంది, ఎందుకంటే యుద్ధంలో ఓడల యజమానులు కూడా బాగానే గడించారు.

రెండో జవాబు:
రేటు మరీ పెంచితే పొదుపు చేయాలన్న ఆలోచనే పోతుందండీ. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో బ్రిటన్ ఇలాంటి పన్ను రేటును 100 శాతం చేసింది. మిగిలినదంతా ఖజానాకే పోతుందంటే ఏ యజమాని ఖర్చు తగ్గిస్తాడు? ఈ చిక్కు వల్లనే, యుద్ధం ముగిశాక అందులో 20 శాతం తిరిగి ఇస్తామని 1941లో హామీ ఇవ్వవలసి వచ్చింది.

మూడో జవాబు:
పన్నుకన్నా ముందు ధరను చూడాలి. అమెరికా 1942 నాటి చట్టంతో, అప్పటికే కుదిరిన ఒప్పందాలనే తిరగదోడి, మితిమీరిన లాభాన్ని వెనక్కి రాబట్టింది. అయితే దానికి ప్రతి సంస్థ ఖర్చుల చిట్టానూ విప్పి చూడగల తనిఖీదారులు కావాలి.