గ్రూప్-2కి అంకీ కార్డులా, చేతిరాత నోట్సా?

కరీంనగర్_కుర్రోడు
అన్నలూ, అక్కలూ, ఒక పంచాయితీ తేల్చాలి. తెలంగాణ గ్రూప్-2కి చదువుతున్నాను, తెలుగు మీడియం. తెలుగు అకాడమీ పుస్తకాలు చదువుతూ షార్ట్ నోట్స్ రాసుకుంటున్నాను. నా రూమ్మేటేమో నోట్స్ టైం వేస్ట్, అంతా అంకీలో పెట్టెయ్ అంటాడు. తెలియనివాళ్ల కోసం: అంకీ అంటే ఫ్లాష్‌కార్డుల యాప్. ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. గుర్తుందో లేదో మనం నొక్కినదాన్ని బట్టి ఆ కార్డు రేపు రావాలా, నెల తర్వాత రావాలా అని అదే లెక్కేసుకుంటుంది. నాలుగు పేపర్లు, 600 మార్కులు. ఏది నయం? రెండూ చెయ్ అని మాత్రం అనకండి, అంత టైం లేదు.

కోడ్‌కూలీ
అంకీయే. ఇందులో చర్చించడానికి పెద్దగా ఏం లేదు. చదివింది ఎంత త్వరగా మర్చిపోతామో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే కొలిచి చూపించాడు. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఇంకా బాగుంటుంది. విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తుచేసుకోమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం ఆగి పెడితే వాళ్లకు గుర్తున్నది 42 శాతం, రెండో జట్టుకు 56 శాతం. నోట్స్ తిరగేస్తుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది, పరీక్ష హాల్లో రాదు. అంకీలో తప్పించుకోలేం, ప్రతి కార్డూ ఒక ప్రశ్నే. ఆండ్రాయిడ్‌లో ఉచితం, కంప్యూటర్‌లో ఉచితం. ఐఫోన్‌లో మాత్రం కొనాలి.

పాలిటీ_పిచ్చోడు
కోడ్‌కూలీ గారూ, ప్రయోగాలు బాగున్నాయి. మీరు పేపర్-4 (తెలంగాణ ఉద్యమం) ఎప్పుడైనా తెరిచి చూశారా?

తెలంగాణ ఉద్యమంలో ఏదీ విడిగా ఉండదు. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో ఇచ్చిన హామీలు అమలు కాలేదు, 1969 ఉద్యమం వచ్చింది. 1972లో ముల్కీ నిబంధనలు (ఇక్కడి ఉద్యోగాలు స్థానికులకే అనేవి) చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పింది, దాంతో అటు ప్రత్యేక ఆంధ్ర కావాలని జై ఆంధ్ర ఉద్యమం లేచింది. దాన్ని చల్లార్చడానికి 1973లో ఆరు సూత్రాల పథకం. ఆ పథకం కోసం 32వ రాజ్యాంగ సవరణ, ఆ సవరణతో 371-డి ఆర్టికల్, దాని కింద 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. అవి సరిగ్గా అమలు కావడం లేదని గొడవ జరిగితే, స్థానికేతరులను వెనక్కి పంపాలని 1985లో 610 జీవో. దీన్నంతా ముక్కలు చేసి కార్డుల్లో పెట్టండి: సంవత్సరాలు నోటికి వస్తాయి, ఏది దేనివల్ల వచ్చిందో పోతుంది. పేపర్లో వచ్చేవేమో కాలక్రమంలో అమర్చండి, ప్రకటన-కారణం లాంటివి. నేను ఒకే పేజీలో బాణాలు గీసి రాసుకున్నాను. కళ్లు మూసుకుంటే ఆ పేజీ కనపడుతుంది.

ఇంకోటి. తెలుగు మీడియం వాళ్ల బాధ ఇంగ్లీష్ మీడియం వాళ్లకు అర్థం కాదు. కోచింగ్ మెటీరియల్ పీడీఎఫ్‌లు చాలావరకు అను ఫాంట్స్‌లో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఉంటాయి. కాపీ చేసి అంకీలో పేస్ట్ చేస్తే అర్థంలేని గీతలు, చుక్కలు పడతాయి. అంతా మళ్లీ ఫోన్‌లో టైప్ చేయాలి. ఆ టైంలో రెండు చాప్టర్లు అయిపోతాయి.

కోడ్‌కూలీ
ఫాంట్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ కథ పోవడం కార్డు తప్పు కాదు, రాసినవాడి తప్పు. '32వ సవరణ ఎప్పుడు?' అని అడిగితే సంవత్సరమే వస్తుంది. '32వ సవరణ అవసరం ఎందుకు పడింది?' అని అడగండి.

రీల్స్_బాధితుడు
మీ గొడవ మీది. అంకీ కోసమని నేను ఫోన్ తీస్తాను, గంట తర్వాత చూస్తే ఎవరిదో పెళ్లి డాన్స్ చూస్తూ ఉంటాను. దీనికి ఏ సైంటిస్టైనా మందు చెప్పాడా?

సోషల్_టీచరమ్మ
చెప్పాడు బాబూ. లైట్నర్ అనే ఆయన 1970లలోనే అట్టపెట్టె పద్ధతి చెప్పాడు. పెట్టెలో ఐదు అరలు. జవాబు వస్తే కార్డు తర్వాతి అరలోకి వెళ్తుంది, రాకపోతే మళ్లీ మొదటి అరకే. మొదటి అర రోజూ, చివరి అర చాలా రోజులకొకసారి చూడాలి. అంకీ చేసేదీ దాదాపు ఇదే, లెక్క ఇంకాస్త సన్నంగా వేస్తుంది. మా పిల్లలకు పాత పెళ్లికార్డుల ఖాళీ వైపు కత్తిరించి ఇస్తుంటాను. పైసా ఖర్చు లేదు, రీల్స్ రావు.

ఇక అసలు వాదనకి. కోడ్‌కూలీ గారు చెప్పిన 2006 ప్రయోగంలో యాప్ లేదు, కార్డు కూడా లేదు. రెండో జట్టు చేసిందల్లా పాఠం పక్కన పెట్టి, గుర్తున్నదంతా కాగితం మీద రాయడం. కాబట్టి దాన్ని అంకీ గెలుపుగా చెప్పుకోకూడదు. అలాగని చేతిరాత వాళ్లు సంబరపడాల్సిందీ లేదు. ల్యాప్‌టాప్‌లో కంటే చేత్తో నోట్స్ రాసుకుంటే బాగా అర్థమవుతుందని 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ అన్నారు, అది బాగా ప్రచారమైంది. 2021లో వేరేవాళ్లు మళ్లీ చేసి చూస్తే ఆ తేడా కనపడలేదు. చేత్తో రాయడంలో మంత్రమేం లేదు. పుస్తకం తెరిచిపెట్టుకుని అందంగా, నాలుగు రంగుల పెన్నులతో ఎక్కించే నోట్స్ మా స్కూల్లో బోలెడు చూశాను. అది జిరాక్స్ మిషన్ పని. డన్‌లాస్కీ బృందం 2013లో పది చదువు పద్ధతులను బేరీజు వేసింది. గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం అడుగున పడ్డాయి. తనకు తాను పరీక్ష పెట్టుకోవడం, ఎడం ఇచ్చి చదవడం పైన నిలిచాయి.

పాలిటీ బాబూ, మీ బాణాల పేజీ చూసి గీశారా, చూడకుండా గీశారా? నా అనుమానం, మీరు దాన్ని చాలాసార్లు చూడకుండా గీసి ఉంటారు. మీకు పనిచేసింది అదీ.

పాలిటీ_పిచ్చోడు
చూడకుండానే మేడం. బస్సులో వెళ్తూ కూడా వేలితో గీస్తుంటాను. పక్కవాళ్లు విచిత్రంగా చూస్తారు.

అనంతపురం_ఆస్పిరెంట్
మాది ఏపీపీఎస్సీ (ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్) పరీక్ష. మాకు తప్పు జవాబుకి మూడో వంతు మార్కు పోతుంది. ఇక్కడ సగం గుర్తుండటం అసలు గుర్తులేకపోవడం కంటే ప్రమాదం. 42వ సవరణా, 44వ సవరణా అని తడబడ్డామా, అయిపోయాం. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది 1978లోని 44వ సవరణ, ఇలాంటివాటికి అంకీని మించింది లేదు.

అయితే ఒక హెచ్చరిక. మా ఇంట్లో పెళ్లి పడి కొన్నాళ్లు తెరవలేదు. తిరిగొచ్చేసరికి చూడాల్సిన కార్డులు గుట్టగా పడి ఉన్నాయి. టెన్షన్‌తో యాప్ తీసేద్దామనిపించింది. అంకీలో రోజుకి 20 కొత్త కార్డులు అని ముందే సెట్ అయి ఉంటుంది. కొత్తవాళ్లకు అది చాలా ఎక్కువ, ఎందుకంటే ప్రతి కొత్త కార్డూ తర్వాత మళ్లీ మళ్లీ వస్తుంది. తగ్గించుకోండి. గుట్ట పడితే కొత్తవి ఆపేసి పాతవి కొంచెం కొంచెంగా కానివ్వండి.

కోడ్‌కూలీ
ఇంకోటి చేరుస్తా అక్కా. ఒకే కార్డు ఎనిమిదిసార్లు తప్పితే అంకీ దాన్ని 'జలగ' (leech) అని గుర్తుపెడుతుంది. దాన్ని మళ్లీ బట్టీ కొట్టకండి. పుస్తకంలోకి వెళ్లి ఆ విషయం మొదటినుంచీ చదివి, కార్డు కొత్తగా రాయండి.

కరీంనగర్_కుర్రోడు
టీచరమ్మా, ఆ 371-డి సంగతికి 'ఎందుకు' కార్డు ఎలా ఉండాలో ఒకటి రాసి చూపిస్తారా?

సోషల్_టీచరమ్మ
ముందువైపు: ముల్కీ నిబంధనలు పోయాక, ఉద్యోగాల్లో స్థానికులకు వాటి బదులు ఏ ఏర్పాటు వచ్చింది? ఏ దారిలో?
వెనకవైపు: ఆరు సూత్రాల పథకం, 32వ సవరణ, 371-డి, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. జిల్లా, జోన్ వారీగా స్థానిక కోటా.

పాలిటీ_పిచ్చోడు
మేడం, వెనకవైపు మీరు రాసింది నా బాణాల పేజీలో సగం. కార్డు అని పేరు పెట్టారంతే.

కోడ్‌కూలీ
మరి మూడు నెలల తర్వాత ఆ పేజీ ఏ రోజు తీయాలో మీకు ఎవరు గుర్తుచేస్తారు?

పాలిటీ_పిచ్చోడు
గోడ మీద క్యాలెండర్. ఛార్జింగ్ కూడా అక్కర్లేదు.

కరీంనగర్_కుర్రోడు
సరే, నా వరకు ఇలా: ఆర్టికల్స్, సవరణలు, కరెంట్ అఫైర్స్ అంకీలో, రోజుకి కొన్నే. పేపర్-4కి, ఎకానమీకి పుస్తకం మూసి తెల్ల కాగితం. ఇన్నాళ్లూ రాసిన షార్ట్ నోట్స్ ఇక పెంచను, తప్పులు సరిచూసుకోవడానికి మాత్రమే తెరుస్తాను. పాలిటీ అన్నా, మీ బాణాల పేజీ ఫోటో ఒకటి పెట్టండి ప్లీజ్.

పాలిటీ_పిచ్చోడు
పెట్టను తమ్ముడూ. నువ్వు గీసి పెట్టు, తప్పులుంటే దిద్దుతాను.