తుంటి ఇంప్లాంట్ సీటీ: ఎంఏఆర్ సిరీస్ ఒక్కటే పంపితే చాలదా?

గుంటూరు_సీటీ_టెక్: తుంటి మార్పిడి అయినవాళ్ల పెల్విస్ (కటి భాగం) సీటీకి రెండు సిరీస్‌లు, అంటే రెండు సెట్ల ఇమేజ్‌లు పంపుతున్నాం. ఒకటి మామూలుది, ఇంకోటి మెటల్ వల్ల ఇమేజ్‌లో పడే చారలు తగ్గించే ఎంఏఆర్ (మెటల్ ఆర్టిఫాక్ట్ రిడక్షన్). మామూలుదాంట్లో బ్లాడర్ ఎక్కడుందో కూడా తెలియదు, ఎవరూ తెరవరు. సర్వర్ మాత్రం నిండిపోతోంది. ఎంఏఆర్ ఒక్కటే పంపుదామంటాను.

రిపోర్టింగ్_రూమ్: ఒప్పుకోను. మెటల్ గుండా వచ్చిన కొలతలు నమ్మలేం కాబట్టి ఎంఏఆర్ వాటిని తీసేసి, పక్క కొలతలను బట్టి అంచనా వేసి నింపుతుంది. బ్లాడర్, ప్రోస్టేట్ చూడ్డానికి బ్రహ్మాండమే. కానీ అంచనా తప్పితే స్టెమ్ (తొడ ఎముకలోకి దిగే ఇంప్లాంట్ కాడ) అంచున లేని నల్లగీత పుడుతుంది. ఇంప్లాంట్ వదులైందా అని ఆర్థోవాళ్లు వెతికేది సరిగ్గా ఆ గీతనే! మామూలు సిరీస్ బోన్ విండోలో (ఎముక వివరాలు తెలిసే డిస్‌ప్లే సెట్టింగ్‌లో) పక్కన పెట్టుకుంటే గానీ అది ఎముకలో ఉందో, సాఫ్ట్‌వేర్ గీసిందో తేలదు.

పాత_కన్సోల్: ఈ నింపుడు కొత్తదేం కాదు, 1987లోనే విల్లీ కాలెండర్ బృందం పేపర్ రాసింది. మేమైతే ఎక్స్‌రే బాగా చొచ్చుకుపోయేలా 140 కేవీ పెట్టేవాళ్లం, పళ్ల ఫిల్లింగులుంటే గాంట్రీ (స్కానర్ రింగు) వంచేవాళ్లం. పని జరిగిపోయేది.

గుంటూరు_సీటీ_టెక్: టైటానియం స్క్రూలకైతే సరే సార్. రెండు తుంట్లకీ కోబాల్ట్ క్రోమ్ బంతులుంటే? మధ్యలో నల్లపట్టీయే. ఫోటాన్లు (ఎక్స్‌రే కణాలు) డిటెక్టర్‌ దాకా రానప్పుడు 140 మాత్రం ఏం చేస్తుంది?

పాత_కన్సోల్: డ్యూయల్ ఎనర్జీ (రెండు ఎనర్జీల ఎక్స్‌రేతో స్కాన్) తీసుకోండి మరి.

రిపోర్టింగ్_రూమ్: దానికీ అదే చిక్కు సార్. అందులో తయారయ్యే 130 కేఈవీ (హై ఎనర్జీ) ఇమేజ్‌లో బీమ్ హార్డెనింగ్ (తక్కువ ఎనర్జీ ఎక్స్‌రేని మెటల్ మింగేయడం వల్ల వచ్చే చారలు) తగ్గుతుంది గానీ, ఫోటాన్లు రాని చోటు మారదు. పైగా కాంట్రాస్ట్ మందులోని అయోడిన్ వెలిసిపోతుంది. ఇంప్లాంట్ పక్కన చీము ఉందేమో అని కాంట్రాస్ట్ ఇచ్చి, దాన్నే కనపడకుండా చేసుకుంటామా?

లినాక్_ఫిజిసిస్ట్: రేడియోథెరపీ ప్లానింగ్‌లో మాకూ రెండూ కావాలి. కాంటూర్ (అవయవాల హద్దు గీత) ఎంఏఆర్ మీదే గీస్తాం, అనుమానం వస్తే మామూలుది తెరుస్తాం. ఇక డోస్ లెక్కకి కావాల్సిన మెటల్ డెన్సిటీకి రెండింటినీ నమ్మం. మామూలు సీటీ నంబర్ల స్కేల్ 3071 దగ్గర ఆగిపోతుంది, టైటానియమైనా స్టీలైనా అదే తెలుపు. ఆపరేషన్ ఫైల్లో అంటించిన ఇంప్లాంట్ స్టిక్కర్ చూసి డెన్సిటీ చేత్తో ఇస్తాం.

గుంటూరు_సీటీ_టెక్: మరి సర్వర్ సంగతి? మామూలుది 3 ఎంఎం మందం స్లైసులతో పంపితే?

రిపోర్టింగ్_రూమ్: మెటల్ ఉన్నంత మేర 1 ఎంఎం ఇవ్వండి, మిగతాది మీ ఇష్టం. సిరీస్ పేర్లో ఎంఏఆర్ అని ఉండాలి. పేరు లేకుండా వస్తే వెనక్కి పంపుతాను.