పెల్లెట్ స్టవ్ గాజు నల్లబడుతోంది, వేడి తగ్గింది: లోపం స్టవ్‌లోనా, పెల్లెట్లలోనా?

నాషువా వాసి:
అందరికీ నమస్కారం. మేము న్యూ హాంప్‌షైర్‌లో నాషువా దగ్గర ఉంటున్నాం. కొన్న ఇంటితో పాటే హాల్లో ఒక పెల్లెట్ స్టవ్ వచ్చింది, అంటే కలప పొడిని నొక్కి చేసిన చిన్న గుళికలతో (పెల్లెట్లతో) మండే పొయ్యి. పోయిన చలికాలం ఇల్లంతా వెచ్చగా ఉంచింది. ఈసారి మాత్రం మంట పొడుగ్గా లేచి, నారింజ రంగులో బద్ధకంగా ఊగుతోంది. కొసల్లో నల్లటి మసి కనిపిస్తోంది. రాత్రి తుడిచిన గాజు పొద్దుటికి నల్లగా అయిపోతోంది. పెల్లెట్లు మండే గిన్నె అడుగున రాయిలాంటి గడ్డ కడుతోంది. అప్పుడప్పుడు మంట దానంతటదే ఆరిపోయి ఎర్ర దీపం వెలుగుతోంది.

ధర తక్కువని ఈ ఏడాది వేరే రకం పెల్లెట్లు ఒక టన్ను, అంటే 50 సంచులు, దింపించుకున్నాం. గిన్నె రోజూ దులుపుతున్నాం, బూడిద పెట్టె ఖాళీ చేస్తున్నాం. చూడటానికి వచ్చిన మరమ్మతు మనిషి స్టవ్ పాతబడింది, మార్చేయమన్నాడు. కొత్తది వేల డాలర్ల మాట. మార్చక తప్పదా?

మెయిన్ బాబాయి:
స్టవ్ ఇప్పుడే మార్చకమ్మా. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒక్కటే చెబుతున్నాయి: మంటకు గాలి అందడం లేదు. ముందు నాలుగు సంగతులు చెప్పండి. సంచి మీద ఏ గ్రేడు అని ముద్రించి ఉంది? ఒక సంచిని పిండి జల్లెడలో జల్లిస్తే ఎంత పొట్టు రాలుతోంది? సంచులు ఎక్కడ పెట్టారు? రోజూ దులిపేది కాక, లోపలి పలకలు విప్పి, పొగగొట్టంతో సహా శుభ్రం చేయించి ఎంత కాలమైంది?

నాషువా వాసి:
బాబాయిగారూ, సంచి మీద స్టాండర్డ్ అని ఉంది. పోయిన ఏడాదివి ప్రీమియం. జల్లెడ పట్టి చూశాను, దోసెడు పైనే పొట్టు వచ్చింది. పెల్లెట్లలో కొన్ని నా చిటికెన వేలంత పొడుగున్నాయి. సంచులు గరాజులో సిమెంటు నేల మీదే పేర్చాం, అడుగు వరుస కాస్త చెమ్మగా తగులుతోంది. పలకలు విప్పడమంటే ఏమిటో మాకు తెలియదు. మేము వచ్చాక అలాంటిదేమీ చేయలేదు.

మెయిన్ బాబాయి:
చిక్కంతా అక్కడే ఉంది. కాస్త పెద్ద జవాబే రాస్తాను, తీరిగ్గా చదువుకోండి.

ముందు పెల్లెట్ల సంగతి. అమెరికాలో పెల్లెట్ ఫ్యూయల్స్ ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం ప్రకారం ప్రీమియం గ్రేడులో బూడిద 1 శాతం, స్టాండర్డ్‌లో 2 శాతం దాటకూడదు. వినడానికి ఒక్క శాతమే తేడా. కానీ టన్ను అంటే 907 కిలోలు కదా, ఒక దానిలో 9 కిలోల బూడిద వస్తే రెండోదానిలో 18 కిలోలు రావచ్చు. బూడిద పెట్టెలోకి చేరేది అందులో కొంతే. మిగతాది గాలితో లేచి స్టవ్ లోపలి సందుల్లో, పొగగొట్టంలో పేరుకుంటుంది. పోయిన ఏడాది మిగిలిన బూడిద మీద ఈ ఏడాది రెట్టింపు బూడిద పడింది. స్టవ్ ఊపిరాడక కొట్టుకుంటోంది, అంతే.

అడుగున గడ్డ కట్టేది చిట్టెం. శుద్ధమైన కలప బూడిద తేలిగ్గా కరగదు. పెల్లెట్లలో బెరడు, ఇసుక, మట్టి కలిస్తే సిలికా, పొటాషియం, సోడియం లాంటివి చేరి, తక్కువ వేడికే బూడిద కరిగి ముద్దవుతుంది. చల్లారితే రాయే. అది గిన్నె అడుగున ఉన్న రంధ్రాలను మూసేస్తుంది. మంటకు కింది నుంచి రావలసిన గాలి ఆ రంధ్రాల గుండానే రావాలి. మీరు రోజూ గిన్నె దులుపుతున్నారు, మంచిదే. ఆ రంధ్రాల్లో ఒక సన్నటి మేకు దూర్చి చూశారా? దీపం వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ప్రతి రంధ్రమూ గుండ్రంగా కనిపించాలి.

పొట్టు చేసే హాని వేరు. అది పెల్లెట్లు పోసే తొట్టి అడుక్కి జారి, పెల్లెట్లను తోసే మర చుట్టూ అతుక్కుపోతుంది. ఒకసారి మంటకు మేత, అంటే పెల్లెట్లు, తక్కువ పడుతుంది, మరోసారి గుప్పున పడుతుంది. పెల్లెట్లు మరీ పొడుగైతే మర పైన అడ్డంగా ఇరుక్కుని కిందికి దిగవు. ఇక చెమ్మ. తడి తగిలిన పెల్లెట్ ఉబ్బి, పొడైపోతుంది. ఎండబెట్టినా మళ్లీ పెల్లెట్ కాదు. సిమెంటు నేల చెమ్మను పైకి లాగుతుంది కాబట్టి సంచుల కింద చెక్క పలకలు వేయాలి, గోడకు ఆనించకూడదు.

ఇప్పుడు శుభ్రం చేసే పని. స్టవ్ ఆపి, ప్లగ్గు పీకి, పూర్తిగా చల్లారాకే చేయి పెట్టాలి. మీ మోడల్ పుస్తకం పక్కన పెట్టుకోండి, పలకలు విప్పే తీరు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. మంట వెనకున్న పలకలు తీస్తే వాటి వెనక బూడిద గుంతలు కనిపిస్తాయి. మీ స్టవ్‌లో అవి నిండి ఉంటాయని పందెం కడతాను. వేడి గొట్టాల మీది బూడిదను గీకేయండి. ఆ పొర ఉంటే గొట్టాలకు కంబళి కప్పినట్లే, వేడి గదిలోకి రాకుండా పొగతో పాటు బయటికి పోతుంది. పెల్లెట్లు అన్నే కాలుతున్నా ఇల్లు వెచ్చబడకపోవడానికి కారణం ఇదే.

తర్వాత పొగను లాగే ఫ్యాను. దాని రెక్కల మీద బూడిద పేరుకుంటే లాగే బలం తగ్గుతుంది. లోపల గాలి ఒత్తిడి ఎంత తగ్గిందో చూసే వాక్యూమ్ స్విచ్ ఒకటి ఉంటుంది. లాగుడు చాలకపోతే అది మరను ఆపేస్తుంది, మేత లేక మంట ఆరిపోతుంది. మీ ఎర్ర దీపం అదే కావచ్చు. స్విచ్ కాపలా మనిషి లాంటిది, దాన్ని తప్పించి స్టవ్ నడిపే చిట్కాలు ఎవరైనా చెబితే వినకండి. పొగ ఇంట్లోకి వస్తుంది. స్విచ్‌కు వెళ్లే సన్నటి రబ్బరు గొట్టాన్ని స్విచ్ నుంచి విడదీసి, తర్వాతే ఊది చూడండి. స్విచ్‌లోకి ఊదితే అది పాడవుతుంది. చివరగా పొగగొట్టానికి బ్రష్షు వేసి, బయటి నుంచి గాలి తెచ్చే గొట్టం మూతి దగ్గరున్న జాలీని కూడా చూడండి. ఎలుకలు, సాలెగూళ్లు మామూలే.

ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ మాత్రం వద్దు. సన్న బూడిద దాని వడపోతను దాటి గదంతా చిమ్ముతుంది. ఒక్క నిప్పురవ్వ లోపలికి పోతే దానిలోని దుమ్మే అంటుకుంటుంది. బూడిదకని విడిగా అమ్మే యంత్రం తెచ్చుకోండి. తీసిన బూడిదను మూతున్న ఇనుప డబ్బాలో వేసి ఇంటికి దూరంగా పెట్టండి. చల్లారిందనుకున్న బూడిదలో నిప్పు రోజుల తరబడి బతికుంటుంది.

మిషిగన్ చలి:
బాబాయిగారి మాటకు అడ్డు చెప్పడం కాదు గానీ, అసలు గట్టి కలప పెల్లెట్లు కొంటే ఈ బాధ ఉండదు కదా? మెత్తటి కలపలో జిగురు ఉంటుంది, గొట్టం నిండా తారు పడుతుంది.

మెయిన్ బాబాయి:
ఇది కట్టెల పొయ్యి నాటి నమ్మకం. పచ్చి పైన్ కట్టె సరిగా కాలక తారు పడుతుంది, నిజమే. పెల్లెట్ అలా కాదు. ప్రీమియంలో తేమ 8 శాతం లోపే, పైగా ఫ్యాను గాలితో మండుతుంది. మెత్తటి కలప పెల్లెట్లలో చాలా రకాలు బూడిద తక్కువిచ్చి, వేడి కాస్త ఎక్కువే ఇస్తాయి. కలప జాతి చూసి కాదు, బూడిద శాతం, పొట్టు చూసి కొనండి. యూరప్‌లో ఈఎన్‌ప్లస్ ఏ1 ముద్రకు బూడిద 0.7 శాతం దాటకూడదు, ఇంకా కఠినం.

మిల్లు మనిషి:
నాది మిర్యాలగూడ. మా దగ్గర ధాన్యం మిల్లుల్లో ఊక గుట్టలుగా ఉంటుంది. ఊకతో చేసిన పెల్లెట్లు అలాంటి స్టవ్‌లో వేయవచ్చా?

మెయిన్ బాబాయి:
వద్దు నాయనా. ఊకలో బూడిదే ఇంచుమించు 20 శాతం, అందులో అత్యధిక భాగం సిలికా. మిల్లు బాయిలర్‌లో బూడిద తీసే ఏర్పాటు ఉంటుంది కాబట్టి నడుస్తుంది. హాల్లో పెట్టుకునే స్టవ్‌లో ఆ గిన్నె చూస్తుండగానే నిండిపోతుంది.

నాషువా వాసి:
బాబాయిగారూ, శనివారం నేనూ మావారూ కూర్చుని అంతా విప్పాం. పందెం మీరే గెలిచారు. వెనక పలక తీయగానే పిండిలాంటి సన్న బూడిద ఒక బకెట్టు దిగింది. ఫ్యాను రెక్కల మధ్య సందే కనిపించలేదు. తలుపు చుట్టూ ఉన్న తాడు పట్టీ కింది మూల దగ్గర నలిగిపోయి ఉంది. తలుపు మధ్య కాగితం పెట్టి లాగితే మిగతా చోట్ల బిగిసింది, అక్కడ సులువుగా వచ్చేసింది. పట్టీ మార్చాం. ఇప్పుడు మంట పొట్టిగా, పసుపు తెలుపు కలిసిన రంగులో చురుగ్గా ఉంది. గాజు మీద బూడిద రంగు పొర పడుతోంది కానీ నలుపు లేదు. ఎర్ర దీపం ఇంతవరకు వెలగలేదు. మిగిలిన సంచులు ఏం చేయమంటారు?

మెయిన్ బాబాయి:
శభాష్. బూడిద రంగు పొర సహజం, పొడిగుడ్డతో పోతుంది. చెమ్మ పట్టి ఉబ్బినవి స్టవ్‌లో వేయకండి. పొడిగా ఉన్నవి జల్లించి, చలి తక్కువున్న రోజుల్లో చిన్న మంట మీద వాడేయండి. జనవరి రాత్రులకు ఒక పాతిక సంచులు ప్రీమియం తెచ్చుకోండి. కొత్త రకం కొనేటప్పుడు ముందు రెండు సంచులే కొని చూడండి. శుభ్రమైన స్టవ్‌లో అది ఎంత బూడిద ఇస్తుందో చూశాకే టన్ను మాట. మేత, గాలి సర్దుబాట్లను రెండూ ఒకేసారి మార్చవద్దు. ఒకటి మార్చి, మంట కుదురుకున్నాక రెండోది. పడక గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? లేకపోతే ఈ రోజే తెండి.

స్టాండర్డ్ వాడినంత కాలం వెనక పలకలు తరచుగా తీయక తప్పదు. వసంతంలో స్టవ్ ఆపేటప్పుడు మరోసారి పూర్తిగా శుభ్రం చేయండి. వేసవి తేమకు మిగిలిన బూడిద ఇనుమును తినేస్తుంది.

నాషువా వాసి:
అలారం ఉంది, బ్యాటరీ మార్చాను. చివరి సందేహం: ఆ బకెట్టు బూడిద కరివేపాకు కుండీలో వేయవచ్చా?

మెయిన్ బాబాయి:
కుండీలో వేయకండి. కలప బూడిదకు క్షారం ఎక్కువ, కరివేపాకుకు కాస్త ఆమ్లత ఉన్న మట్టే ఇష్టం, ఆకులు పసుపెక్కుతాయి. మీ వైపు నేలలు సాధారణంగా ఆమ్ల నేలలే కాబట్టి వసంతంలో పచ్చిక మీద పలుచగా చల్లండి. బ్లూబెర్రీ మొక్కలుంటే వాటి దరిదాపులకు పోనివ్వకండి.