విదేశాల్లో వృత్తిగా ఆడాలనుకుంటున్న పదో తరగతి బాస్కెట్‌బాల్ గార్డుకు దారి ఏది?

అనంతపురం నుంచి ఒక తండ్రి ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయి ఈ ఏడాది పదో తరగతిలోకి వచ్చాడు. అయిదేళ్లుగా బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు. ఎస్‌జీఎఫ్ (పాఠశాల క్రీడల సమాఖ్య) అండర్-17 పోటీల్లో జిల్లా జట్టుకు గార్డుగా, అంటే బంతిని ముందుకు తీసుకెళ్లి ఆట నడిపించేవాడిగా, ఆడాడు. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. మా రెండు వైపులా పొడగరులు లేరు కనుక ఇంకో అంగుళమో రెండంగుళాలో తప్ప పెరుగుతాడని నేను ఆశపెట్టుకోలేదు. విదేశాల్లో వృత్తి ఆటగాడు కావాలన్నది వాడి పట్టుదల. తెల్లవారుజామున అయిదింటికే సిమెంటు కోర్టు మీదికి చేరుకునే పిల్లవాడిని వద్దనడానికి నాకు మనసొప్పడం లేదు.

అయితే మన దేశం నుంచి వెళ్లినవారిని చూస్తే, 2015లో అమెరికా వృత్తి లీగు ఎన్‌బీఏలోని డల్లాస్ మావెరిక్స్ ఎంపిక చేసుకున్న సత్నాం సింగ్ 7 అడుగుల 2 అంగుళాల మనిషి, 2017లో ఆస్ట్రేలియా జట్టు సిడ్నీ కింగ్స్‌లో చేరిన అమృత్‌పాల్ సింగ్ కూడా దాదాపు 7 అడుగులవాడే. గార్డుకు అసలు అవకాశం ఉంటుందా? ఇంటర్‌కు బంధువులు చెబుతున్నట్టు హాస్టల్ ఉన్న కార్పొరేట్ కళాశాలలో చేర్చాలా? ఇవి చాలవన్నట్టు, మూడు లక్షల రూపాయలు కడితే వచ్చే ఏడాదికల్లా యూరప్‌లోని ఒక క్లబ్బుతో ఒప్పందం కుదురుస్తానని ఒకాయన ఫోను మీద ఫోను చేస్తున్నాడు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

కడప నుంచి విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడి జవాబు:

ఎత్తు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఆ దిగులుతోనే ఆట మానేసిన పిల్లలను నేను చాలామందిని చూశాను. జపాన్ గార్డు యూకి తొగాషి ఎత్తు 167 సెంటీమీటర్లు, అంటే మీ అబ్బాయికన్నా పొట్టి. అమెరికాలోని మేరీల్యాండ్‌లో హైస్కూలు చదివి, స్వదేశంలో వృత్తి ఆటగాడై, 2014లో మళ్లీ అమెరికా వెళ్లి ఎన్‌బీఏకు దిగువ లీగులోని టెక్సస్ లెజెండ్స్‌కు ఆడాడు. అదే దేశపు యూకి కవామురా సుమారు 173 సెంటీమీటర్లే ఉన్నా 2024లో ఎన్‌బీఏలోని మెంఫిస్ గ్రిజ్లీస్ జట్టులో చేరాడు. మన వారణాసి గార్డు విశేష్ భృగువంశీకి 2017లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ 36ఎర్స్ శిక్షణ శిబిరం నుంచి పిలుపు వచ్చింది.

పొడగరిని ఎత్తు చూసి పిలుస్తారు, గార్డును మాత్రం ఆట చూసిన తర్వాతే పిలుస్తారు. బంతిని 8 సెకన్లలో సగం కోర్టు దాటించి, 24 సెకన్లు ముగిసేలోపు జట్టుకు మంచి షాట్ దొరికేలా చూడవలసినవాడు గార్డే కనుక, ఎడమచేతి డ్రిబ్లింగ్ కుడిచేతితో సమానంగా ఉందా, బంతి చేతిలో ఉన్నప్పుడు తల పైకెత్తి ఆడుతున్నాడా అన్నవే నేను ముందుగా గమనిస్తాను. త్రీ పాయింట్ గీత రింగు నుంచి 6.75 మీటర్ల దూరంలో ఉండాలి. మన పాఠశాలల్లో గీతలు చెరిగిపోయి ఉంటాయి కాబట్టి టేపు పెట్టి కొలిచి, సున్నంతో మళ్లీ గీయించండి.

అమెరికాలో చదివి, అక్కడి కళాశాల క్రీడా విభాగంలో పనిచేసిన కర్నూలు సభ్యుడి జవాబు:

మీ రెండో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం. విదేశీ లీగులకు చేరే అమెరికా గార్డుల్లో అత్యధికులు వెళ్లేది కళాశాల ఆట మీదుగానే. అమెరికా కళాశాలల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థలోని పై శ్రేణి, డివిజన్ 1లో ఆడాలంటే ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు, సాంఘికశాస్త్రం వంటి 16 కోర్ సబ్జెక్టులు పూర్తి చేసి, వాటిలో 4కు కనీసం 2.3 గ్రేడు సగటు తెచ్చుకోవాలి. ఆ లెక్క తొమ్మిదో తరగతి నుంచే మొదలవుతుంది. అంటే మీ అబ్బాయికి ఒక ఏడాది మార్కులు ఇప్పటికే ఖాతాలో పడ్డాయి. డివిజన్ 1, 2 కళాశాలలు క్రీడా స్కాలర్‌షిప్పులు ఇస్తాయి, డివిజన్ 3 ఇవ్వదు. మొదటి ప్రయత్నంలో చోటు దొరకనివారు రెండేళ్ల జూనియర్ కళాశాలలో ఆడి, అక్కడి నుంచి నాలుగేళ్ల కళాశాలకు మారుతుంటారు. ఇది చిన్నతనమేమీ కాదు, ఎందరో గార్డులు నడిచిన బాట.

అమెరికా గార్డు జెరెమీ లిన్ 2006లో పాలో ఆల్టో హైస్కూలును రాష్ట్ర విజేతగా నిలిపినా డివిజన్ 1 స్కాలర్‌షిప్పు ఒక్కటీ రాలేదు. క్రీడా స్కాలర్‌షిప్పులే ఇవ్వని హార్వర్డ్‌లో చదువు బలంతో చేరి, 2010 డ్రాఫ్టులో (ఎన్‌బీఏ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ఎవరూ ఎంచుకోకపోయినా ఎన్‌బీఏకు చేరాడు. 2019లో చైనా జట్టు బీజింగ్ డక్స్‌కు, ఆ తర్వాత తైవాన్‌కు వెళ్లాడు. హైస్కూలు నుంచి నేరుగా వెళ్లినవారూ లేకపోలేదు. బ్రాండన్ జెన్నింగ్స్ 2008లో ఓక్ హిల్ అకాడమీ నుంచి ఇటలీలోని రోమా జట్టుకు వెళ్లి, మరుసటి ఏడాది డ్రాఫ్టులో 10వ స్థానంలో ఎంపికయ్యాడు. అయితే అతడు అప్పటికే అమెరికా హైస్కూలు గార్డుల్లో అగ్రశ్రేణివాడు. పైగా వృత్తి ఒప్పందం మీద సంతకం చేస్తే కళాశాల ఆటకు అర్హత పోయే ప్రమాదం ఉంది.

అందుచేత రోజంతా గదిలో కూర్చోబెట్టి, సాయంత్రం గంటసేపు కూడా బయటికి వదలని కళాశాలలో దయచేసి చేర్చకండి. మార్కులు ఎంత అవసరమో ఈ రెండేళ్ల ఆట కూడా అంతే అవసరం. ఇంటి నుంచి వెళ్లివచ్చే కళాశాల చూడండి. పూర్తి మ్యాచ్‌ల వీడియోలు ఇప్పటి నుంచే దాచిపెట్టండి. బుట్టలో పడిన షాట్లు మాత్రమే ఏరి కూర్చిన రెండు నిమిషాల వీడియో చూసి శిక్షకులు నిర్ణయానికి రారు. బంతి పోగొట్టుకున్న తర్వాత ఆ గార్డు వెనక్కి పరుగెత్తాడా లేదా అన్నది పూర్తి మ్యాచ్‌లోనే తెలుస్తుంది.

గుంతకల్లు నుంచి మాజీ ఆటగాడి జవాబు:

ఆ ఫోను చేసే మనిషికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. నా ఇరవై ఏళ్ల వయసులో ఇలాంటి మధ్యవర్తికే ఎనభై వేలు కట్టి, ఏడాదంతా వీసా కోసం ఎదురుచూసి మోసపోయాను. మా నాన్న ఆ అప్పును వేరుశనగ పంట డబ్బుతో రెండేళ్లకు తీర్చాడు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండని ఆటగాడిని, ప్రత్యేక సందర్భాల్లో తప్ప, మరో దేశానికి బదిలీ చేయరు. నిండినవారికైనా సొంత దేశపు సమాఖ్య నుంచి క్లియరెన్సు లేఖ రావాలి. ఏజెంటుకు ఫిబా లైసెన్సు ఉండాలి. అది ఉన్నదీ లేనిదీ ఫిబా వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు. రేపు నిజమైన ఒప్పందం వచ్చిన నాడు, జీతం తగాదాలు జెనీవాలోని బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ (మధ్యవర్తిత్వ మండలి) తీరుస్తుందన్న వాక్యం అందులో ఉందో లేదో చదివి మరీ సంతకం చేయించండి. ఆ వాక్యం లేకపోతే, క్లబ్బు జీతం ఎగ్గొట్టినప్పుడు తెలియని దేశపు కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

ప్రశ్న అడిగిన తండ్రి:

ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఆ ఫోను చేసే ఆయన నంబరు తీసేశాను. కోర్టుకు సైకిలు మీద వెళ్లగలిగే దూరంలో ఉన్న కళాశాలలో ఎంపీసీకి వాడూ ఒప్పుకున్నాడు. మ్యాచ్‌ను ఫోనుతో ఎలా తీయాలో కూడా ఎవరైనా చెప్పగలరా?

కర్నూలు సభ్యుడు:

సగం గీతకు ఎదురుగా, వీలైనంత ఎత్తులో, స్టాండు మీద ఫోనును అడ్డంగా పెట్టండి. బంతి వెంట జూమ్ చేయకుండా పదిమంది ఆటగాళ్లూ కనిపించేలా తీయండి. జెర్సీ నంబరు స్పష్టంగా ఉండాలి. ప్రతి వీడియోకు తేదీ, ప్రత్యర్థి జట్టు పేరు, తుది స్కోరు రాసి పెట్టండి. ఓడిపోయిన మ్యాచ్‌లను కూడా తీసివేయకండి.